వర్డ్ ఫైలు నుంచి అచ్చు పుస్తకం దాకా: ప్రెస్సుకి ఇచ్చే ముందు ఏం చేయాలి, ఎలా సరిచూసుకోవాలి

పుస్తకం రాయడం అయిపోయింది, వర్డ్ ఫైలు చేతిలో ఉంది, ఇప్పుడేం చేయాలని చాలామంది అడుగుతున్నారు. కొందరు అడగను కూడా అడగరు. ఆ ఫైలునే వాట్సాప్‌లో ప్రెస్సుకి పంపేస్తారు. పుస్తకాలు వచ్చాక ఒత్తులు విడిపోయాయనీ, కవరు మీద పేరు అంచులో తెగిపోయిందనీ, ఫొటోలు మసకబారాయనీ గొడవ పడతారు. ఇలాంటి తప్పుల్లో ఎక్కువ భాగం ఫైలు ఇల్లు దాటకముందే పుట్టినవి. యంత్రానికి ఏది ఇస్తే అదే వేస్తుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుని చెబుతాను. కథల సంపుటి, డెమీ 1/8 సైజు (5.5×8.5 అంగుళాలు), లోపల నలుపు ఒక్కటే రంగు, కవరు నాలుగు రంగుల్లో, 500 కాపీలు. కరపత్రమైనా, సంస్థ వార్షిక సంచిక అయినా లెక్కలు మారతాయి గానీ పద్ధతి ఇదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ప్రూఫ్ దిద్దడం పూర్తయిన టెక్స్టు. ఇంకా రెండు కథలు మార్చాలనుకుంటే ఇక్కడే ఆగండి.
- పేజీలు పేర్చడానికి ఒక సాఫ్ట్‌వేర్. ఇన్‌డిజైన్ ఉంటే మంచిది, డబ్బు పెట్టలేకపోతే స్క్రైబస్ ఉచితం. బొమ్మల్లేని కథల పుస్తకానికి వర్డ్‌తోనూ నెట్టుకు రావచ్చు.
- యూనికోడ్ (ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే అక్షర సంకేతాల పద్ధతి) తెలుగు ఫాంట్లు. మండలి, ఎన్టీఆర్, సురన్న, పెద్దన, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.
- ఫొటోల అసలు ఫైళ్లు, అంటే కెమెరాలోంచో స్కానర్‌లోంచో నేరుగా తీసినవి.
- మిల్లీమీటర్ల స్కేలు, ఒక ఎ4 ప్రింటర్, ఓపిక.

1. ముందు ప్రెస్సుతో మాట్లాడండి, తర్వాత పేజీలు పేర్చండి

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఎ4లో పేజీలన్నీ పేర్చేసి, ప్రెస్సుకి వెళ్లాక డెమీకి మార్చమంటారు. సైజు మారితే పేజీల సంఖ్య మారుతుంది, విషయసూచిక తప్పవుతుంది, పని మొదటికొస్తుంది.

కొటేషన్ అడిగేటప్పుడు ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి: సైజు, పేజీలు, కాపీలు, లోపలి కాగితం రకం, దాని జీఎస్ఎం, కవరు కాగితం, లామినేషన్, బైండింగ్, ప్రూఫ్ (అచ్చుకు ముందు చూపించే నమూనా ప్రింటు) ఇస్తారా, రవాణా ఎవరిది. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. కథల పుస్తకానికి 70 లేదా 80 జీఎస్ఎం మ్యాప్‌లితో (పూత లేని మామూలు అచ్చు కాగితం), కవరుకి 250 లేదా 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు (పూత పూసిన మందపాటి అట్ట) మామూలుగా వాడేవి. తెల్లగా మెరిసే కాగితం కన్నా కాస్త పసుపు ఛాయ ఉన్న నేచురల్ షేడ్ చదవడానికి హాయి, నా ఓటు దానికే. రెండు ప్రెస్సుల ధరలు పోల్చేటప్పుడు ఈ వివరాలన్నీ ఒకటేనా అని చూడండి. ఒకరు 70, ఇంకొకరు 80 జీఎస్ఎం మీద లెక్క కట్టి ఉంటే ఆ పోలికకు అర్థం లేదు.

ఆఫ్‌సెట్టా, డిజిటలా? ఆఫ్‌సెట్‌లో ముందు పేజీల ముద్ర ఉండే అల్యూమినియం ప్లేట్లు చేయాలి. ఆ ఖర్చు 100 కాపీలకైనా 1000 కాపీలకైనా ఒకటే. డిజిటల్‌లో ప్లేట్లు ఉండవు, ఒక్క కాపీ కూడా వేసుకోవచ్చు, కానీ కాపీకి పడే ఖర్చు పెద్దగా తగ్గదు. 300 లోపు అయితే డిజిటల్, 500 దాటితే ఆఫ్‌సెట్ సాధారణంగా గిట్టుబాటు. మధ్యలో ఉంటే రెండిటికీ కొటేషన్ తీసుకోండి.

2. పేజీల లెక్క ఫారాలకు సరిపెట్టండి

ఆఫ్‌సెట్‌లో పేజీలు ఒక్కొక్కటిగా అచ్చవవు. పెద్ద షీటు మీద వరసగా పేర్చి, అచ్చేసి, మడత పెట్టి, కోస్తారు. 18×23 అంగుళాల డెమీ షీటు ఎనిమిది ఆకులవుతుంది, రెండు వైపులా కలిపి 16 పేజీలు. దాన్నే ఒక ఫారం అంటారు. అంచులు కోశాక పేజీ 5.5×8.5 అంగుళాలు వస్తుంది, అంటే దాదాపు 140×216 మిల్లీమీటర్లు.

మీ పుస్తకం 163 పేజీలు వచ్చిందనుకోండి. 160 అంటే పది ఫారాలు. మిగిలిన మూడు పేజీల కోసం ఇంకో షీటు ఎక్కించాలి. అక్షరం సైజో, పేరాల మధ్య ఖాళీయో తగ్గించి 160కి తేవాలి, లేదా ముందుమాట చేర్చి 168కి, అంటే పదిన్నర ఫారాలకు పెంచాలి. నేనైతే అక్షరం సైజు తగ్గించను. టైటిల్ పేజీ, ప్రచురణ వివరాల పేజీ, అంకితం, విషయసూచిక కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వీటిని మర్చిపోయి కథలతోనే 160 నింపేసేవాళ్లు చాలామంది.

పల్చని పుస్తకానికి మధ్యలో పిన్ను కొట్టించేట్టయితే మొత్తం పేజీలు నాలుగుతో భాగించేలా ఉండాలి.

3. తెలుగు అక్షరాన్ని పరీక్షకు పెట్టండి

మన పుస్తకాలకు అసలు గండం ఇక్కడే.

డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టడం కనిపిస్తుంది. అచ్చు వరకు అది బాగానే పనిచేస్తుంది. కానీ ఆ టెక్స్టు యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి, రేపు ఈ-బుక్ చేయాలంటే మళ్లీ మార్చుకోవాలి. మీ టెక్స్టు అనులో ఉంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి. మార్చాక మాత్రం మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదవాల్సిందే. కొటేషన్ గుర్తులు, డాష్‌లు, అరుదైన ఒత్తులు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలు, ఇవే ఎక్కువగా చెడేవి.

యూనికోడ్‌లో ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. సాఫ్ట్‌వేర్‌కి తెలుగు పేర్చడం రావాలి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోకి వెళ్లి వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు కిందకి దిగవు, పొల్లుగా పక్కన నిలబడతాయి. స్క్రైబస్ అయితే 1.6 వెర్షన్ వాడండి, పాత 1.4తో తెలుగు పని జరగదు.

అసలు పనిలోకి దిగేముందు ఈ లైను మీ ఫాంట్‌లో కొట్టి, పీడీఎఫ్ చేసి, ఎ4 మీద ప్రింటు తీసి చూడండి:

స్త్రీ, రాష్ట్రం, ఆర్ద్రత, జ్ఞానం, లక్ష్మి, దుఃఖం, ఋణం, ఉత్కంఠ, సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్

"స్త్రీ"లో త, ర ఒత్తులు రెండూ స్పష్టంగా ఉన్నాయా, ఒకదాని మీద ఒకటి పడ్డాయా? "ఫేస్‌బుక్"లో బ వచ్చి స కింద ఒత్తుగా చేరిందా? అలా చేరితే రెండు అక్షరాల మధ్య కనిపించకుండా ఉండే నాన్-జాయినర్ గుర్తు ఎక్కడో ఎగిరిపోయిందని అర్థం. "దుఃఖం"లో విసర్గ బదులు కోలన్ గుర్తు పడిందేమో కూడా చూడండి, టైపు చేసేటప్పుడు తరచూ జరిగే పొరపాటది. ఈ లైను నెగ్గని ఫాంటు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

లైన్ల మధ్య దూరం ఇంగ్లీషు కొలతల్లో పెట్టొద్దు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తుకి ఇంకో ఒత్తు ఉంటాయి. 12 పాయింట్ల అక్షరానికి లైన్ల దూరం 16 నుంచి 18 పాయింట్లు పెట్టి మొదలుపెట్టండి. పై లైను ఒత్తు కింది లైను గుడిని తాకుతుంటే ఇంకా పెంచండి. ఫాంట్లు మారితే ఒకే పాయింటు సైజులో అక్షరం చిన్నదిగానో పెద్దదిగానో కనిపిస్తుంది, అందుకని అంకెను నమ్మకుండా ప్రింటు తీసి కంటితో తేల్చుకోండి.

ఇంకో మాట. లైను చివర ఖాళీ ఎక్కువైందని ఎంటర్ కొట్టి మాటను విడగొట్టే అలవాటు మానుకోండి. మార్జిన్ ఒక్క మిల్లీమీటరు మారితే ఆ విరుపులన్నీ లైన్ల మధ్యలో తేలతాయి.

4. పేజీ కొలతలు, మార్జిన్లు

ఫైలును 140×216 మి.మీ. సైజులోనే మొదలుపెట్టండి. బైండింగ్ వైపు మార్జిన్ 20, బయటి వైపు 15, పైన 18, కింద 20 మి.మీ. దాకా ఇస్తే ఈ సైజుకి సరిపోతుంది. జిగురు బైండింగ్‌లో లోపలి అంచు కొంత మింగుడు పోతుంది. అక్కడ పిసినారితనం చేస్తే పాఠకుడు పుస్తకాన్ని రెండు చేతులా విరిచి చదవాలి. బేసి సంఖ్య పేజీలు ఎప్పుడూ కుడి వైపే.

వర్డ్‌లో చేస్తుంటే మార్జిన్లలో మిర్రర్ ఎంపిక పెట్టండి. లేకపోతే అన్ని పేజీలకూ ఎడమవైపే ఎక్కువ ఖాళీ వస్తుంది.

5. ఫొటోలు

అచ్చులో పడే సైజు దగ్గర అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. 4 అంగుళాల వెడల్పు ఫొటోకి 1200 పిక్సెళ్ల వెడల్పు ఉండాలన్నమాట. 600 పిక్సెళ్ల ఫొటోని ఫొటోషాప్‌లో 1200కి సాగదీస్తే అంకె మారుతుంది తప్ప కొత్త వివరం రాదు.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా మెయిల్ చేయించుకోండి. వర్డ్ వాడేవాళ్లు ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఫైల్లో బొమ్మలను కుదించవద్దు అనే టిక్ పెట్టుకోవాలి. పెట్టకపోతే సేవ్ చేసినప్పుడు అది బొమ్మ నాణ్యత తగ్గించేస్తుంది.

లోపలి పేజీల ఫొటోలను గ్రేస్కేల్‌లోకి, అంటే నలుపు-తెలుపు ఛాయల్లోకి మార్చి, నీడలను కాస్త తేలిక చేయండి. మ్యాప్‌లితో ఇంకును పీల్చుకుంటుంది, చుక్కలు కాస్త ఉబ్బుతాయి, తెరమీద ముదురుగా కనిపించింది కాగితం మీద మసిముద్దవుతుంది.

6. రంగులు, నలుపు

కంప్యూటర్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగు చూపిస్తుంది, అది ఆర్‌జీబీ. అచ్చులో సయాన్, మజెంటా, పసుపు, నలుపు ఇంకులు, అంటే సీఎంవైకే. నాలుగింటికీ నాలుగు ప్లేట్లు. తెరమీద మెరిసే చిలకాకుపచ్చ, నెమలి కంఠం నీలం ఈ నాలుగు ఇంకుల్లో అంత మెరుపుతో రావు. కవరు ఫైలును మొదటినుంచీ సీఎంవైకేలో పెడితే ఆ నిరాశ ముందే అయిపోతుంది.

నలుపు విషయంలో జాగ్రత్త. చిన్న అక్షరాలకు నలుపు ఇంకు 100 శాతం, మిగతా మూడూ సున్నా ఉండాలి. ఆర్‌జీబీ నలుపును సీఎంవైకేలోకి మారిస్తే అది నాలుగు ఇంకుల మిశ్రమం అవుతుంది. అప్పుడు ప్రతి అక్షరం నాలుగుసార్లు అచ్చవుతుంది. ఏ ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన గులాబీ నీడో, నీలి నీడో కనిపిస్తుంది. తెలుగులో దెబ్బ ఇంకా ఎక్కువ. తలకట్టు సన్నగీత, "ఘ"లో కొమ్ముల సందు, ఒత్తుల కడుపు, ఇవన్నీ పూడుకుపోతాయి. నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలకూ ఇదే ముప్పు. అక్కడ అక్షరం కనీసం 11, 12 పాయింట్లకు తగ్గకుండా, మందమైన ఫాంటుతో పెట్టండి.

కవరు మీద పెద్ద నల్ల పట్టీ ఉంటే కథ వేరు. నలుపు ఇంకు ఒక్కటే వేస్తే బూడిదగా వెలిసినట్టు ఉంటుంది. అక్కడ సయాన్ 60, మజెంటా 40, పసుపు 40, నలుపు 100 లాంటి మిశ్రమం వాడతారు. నాలుగూ వందేసి పెట్టడం మాత్రం తప్పు. ఇంకు ఆరదు, పక్క షీటు వెనక అంటుకుంటుంది. ఆర్ట్ కార్డుకి నాలుగు ఇంకుల మొత్తం 300 శాతం లోపు ఉంచుకోండి. రంగుల జాబితాలో రిజిస్ట్రేషన్ అనే నలుపు ఒకటి ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. అది ప్లేట్లు సరిచూసుకునే గుర్తుల కోసం.

7. కవరు

కవరు అంటే ముందు అట్ట ఒక్కటే కాదు. వెనక అట్ట, వెన్ను (పుస్తకం మందం కనిపించే, బైండింగ్ వైపు అంచు), ముందు అట్ట కలిపి ఒకే షీటు.

వెన్ను లెక్క: 168 పేజీలంటే 84 ఆకులు. 80 జీఎస్ఎం మ్యాప్‌లితో ఆకు మందం దాదాపు 0.1 మి.మీ., కాబట్టి వెన్ను 8.4 మి.మీ. వస్తుంది. మిల్లును బట్టి ఈ మందం మారుతుంది. అందుకని ప్రెస్సులో అదే కాగితం 84 ఆకులు పేర్చి గట్టిగా నొక్కి కొలిచి చెప్పమనండి, లేదా ఖాళీ కాగితాలతో డమ్మీ కట్టించమనండి. మొత్తం వెడల్పు 140 + 8.4 + 140 = 288.4 మి.మీ., ఎత్తు 216 మి.మీ.

దీనికి నాలుగు వైపులా 3 మి.మీ. చొప్పున బ్లీడ్ కలపండి. కటింగ్ యంత్రం కత్తి అటూ ఇటూ కొద్దిగా జరుగుతుంది. రంగు అంచు దాకా మాత్రమే ఉంటే తెల్లగీత పడుతుంది, అందుకే కోసేసే భాగంలోకి కూడా రంగు పొడిగించాలి. అక్షరాలు, ముఖాలు, బార్‌కోడ్ మాత్రం కత్తి గీతకు కనీసం 5 మి.మీ. లోపలే ఉంచండి. అంచు వెంబడి సన్నని బోర్డరు పెట్టొద్దు. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా అది చుట్టూ ఊరేగించి చూపిస్తుంది.

వెన్ను 6 మి.మీ. కన్నా తక్కువైతే దాని మీద పేరు వేయకపోవడమే మేలు. వేస్తే, పుస్తకాన్ని ముందు అట్ట పైకి ఉండేలా బల్లమీద పెట్టినప్పుడు వెన్ను మీది పేరు తిన్నగా చదవగలిగేలా ఉండాలి. బార్‌కోడ్ తెల్లటి నేపథ్యం మీద నలుపు ఇంకుతో మాత్రమే. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) లేకపోతే ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి, రుసుము లేదు. కవరు పని మొదలుపెట్టిన రోజే చేయండి, చివరి రోజు కాదు.

మ్యాట్ లామినేషన్ అందంగా ఉంటుంది గానీ రంగును కొంచెం మందగింపజేస్తుంది, ముదురు రంగు కవరు మీద గోటిగీతలు కూడా కనిపిస్తాయి.

8. పీడీఎఫ్ చేయడం, దాన్ని అనుమానించడం

ప్రెస్సుకి వర్డ్ ఫైలు కాదు, పీడీఎఫ్ ఇవ్వాలి. ఇన్‌డిజైన్, స్క్రైబస్‌లలో పీడీఎఫ్/ఎక్స్-1ఎ లేదా ఎక్స్-4 ఎంపికలుంటాయి, ఏది కావాలో ప్రెస్సుని అడగండి. వర్డ్ అయితే పీడీఎఫ్ ఆప్షన్లలో పీడీఎఫ్/ఎ టిక్ పెట్టి సేవ్ చేయండి, ఫాంట్లు లోపల కూర్చుంటాయి. లోపలి పేజీలు ఒక ఫైలు, కవరు ఒక ఫైలు. పేజీలు ఒక్కొక్కటిగా, వరసలో ఉండాలి. రెండేసి పేజీలు పక్కపక్కన పేర్చి ఇవ్వకండి, షీటు మీద పేర్చే పని ప్రెస్సుది.

తర్వాత ఈ పరీక్షలు చేయండి:

- అక్రోబాట్ రీడర్‌లో ఫైల్ ప్రాపర్టీస్, ఫాంట్స్ ట్యాబ్ చూడండి. ప్రతి ఫాంటు పక్కనా ఎంబెడెడ్ అనో, ఎంబెడెడ్ సబ్‌సెట్ అనో ఉండాలి. లేని ఫాంటు ఒక్కటున్నా వెనక్కి వెళ్లి సరిచేయండి.
- అక్రోబాట్ ప్రో ఉంటే అవుట్‌పుట్ ప్రివ్యూలో నలుపు ప్లేటు మాత్రం ఆపేసి చూడండి. అక్షరాలన్నీ మాయమవ్వాలి. నీడలా మిగిలితే నాలుగు ఇంకుల నలుపు ఉన్నట్టే. ప్రో లేకపోతే ప్రెస్సు ఆపరేటర్‌ని అడగండి, నిమిషం పని.
- నాలుగైదు పేజీలను ఎ4 మీద "యాక్చువల్ సైజ్"లో ప్రింటు తీసి, 140×216కి కోసి, చేతిలో పట్టుకుని చదవండి. "ఫిట్" పెడితే పేజీ పెద్దదై మిమ్మల్ని మోసం చేస్తుంది.
- విషయసూచికలోని ప్రతి అంకెనూ అసలు పేజీతో సరిచూడండి.
- కవరు మీది పేరు, రచయిత పేరు, వెల, సంవత్సరం బయటివాళ్ల చేత చదివించండి. లోపల ప్రతి కామా పట్టుకునే కన్ను పెద్ద అక్షరాల్లో తప్పును దాటేస్తుంది.

పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ చేస్తే అక్షరాలు చెల్లాచెదురుగా రావచ్చు. అది చూసి టెన్షన్ పడకండి. కంటికి సరిగ్గా కనిపిస్తున్నంత వరకు అచ్చుకి దానితో పనిలేదు.

9. ప్రూఫ్ మీద సంతకం

ప్లేట్లు చేయకముందు ప్రెస్సు ఇచ్చే ప్రూఫ్ చూడండి. ఇది కథలు మెరుగుపరిచే చోటు కాదు. పేజీల వరస, కోసే గీత, రంగు, ఒత్తులు చూడండి. "సరే" అని తేదీ వేసి సంతకం చేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ప్లేటు అయ్యాక దొరికిన తప్పుకి కొత్త ప్లేటు డబ్బు మీదే.

కవరు అచ్చవుతున్నప్పుడు వెళ్లగలిగితే వెళ్లండి. ట్యూబ్‌లైటు కింద రంగు తేల్చుకోకండి, షీటు తీసుకుని పగటి వెలుతురులోకి రండి. అక్షరాల అంచులో రంగు నీడ ఉంటే రిజిస్ట్రేషన్, అంటే నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా పడటం, సరిచేయమనండి. తీసిపారేసే మొదటి షీట్లు చూసి మాత్రం గాబరా పడొద్దు, ఇంకు, నీరు కుదురుకోవడానికి అవి పోతాయి.

10. కట్టలు వచ్చాక

డబ్బు పూర్తిగా ఇచ్చేముందు కట్టలు విప్పండి. పైన ఉన్న పుస్తకం కాదు, వేర్వేరు కట్టల అడుగునుంచి, మధ్యనుంచి తీయండి.

- 16, 32, 48... ఇలా ఫారం మారే చోట్ల పేజీ సంఖ్యలు చూడండి. ఒక ఫారం రెండుసార్లు పడటం, అసలు లేకపోవడం, తలకిందులుగా కుట్టడం బైండింగ్‌లో జరిగే తప్పులు.
- మధ్యలో తెరిచి ఒక ఆకును మెల్లగా లాగండి. ఊడి వస్తే జిగురు సరిగ్గా పట్టలేదు.
- పుస్తకం తెరవగానే మొండికేసి మూసుకుంటుంటే కాగితం నార, అంటే అందులోని పీచు సాగే దిశ, వెన్నుకి అడ్డంగా పడి ఉండొచ్చు. ఈ ముద్రణకి చేసేదేం లేదు, వచ్చేసారి నార వెన్నుకి సమాంతరంగా ఉండాలని ముందే చెప్పండి.
- లామినేషన్ బుడగలు, అంచుల్లో లేచిన పొర, పేజీ పేజీకి మారే నలుపు చూడండి.

తప్పున్న కాపీలు విడిగా పెట్టి, ఫొటోలు తీసి, సంతకం చేసిన ప్రూఫ్‌తో సహా ఆ వారంలోనే చూపించండి. తప్పు ప్రూఫ్‌లో లేకపోతే తిరిగి వేసే బాధ్యత ప్రెస్సుది. ప్రూఫ్‌లోనే ఉంటే మీది.

డీటీపీ మనిషితో పేజీలు కట్టించినవాళ్లు ఆఖరి చెల్లింపుకి ముందు పీడీఎఫ్‌తో పాటు ఓపెన్ ఫైలు (మళ్లీ తెరిచి మార్చుకోగలిగే అసలు ఫైలు), ఫాంట్లు, బొమ్మలు అన్నీ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ఈ మాట మొదట్లోనే చెప్పి ఒప్పించుకోండి.